ముప్ఫై ఎనిమిది అంగుళాలు

మెడలో టేపు తీయడం మర్చిపోయి
ఆదివారం పూట ఇల్లు వెతకడానికి బయల్దేరాను.
పెరుంగళత్తూరు స్టేషన్లో దిగేసరికి
బ్రోకరు దురై బండి మీద కూర్చుని
నన్ను కాదు, టేపును చూశాడు.
"టైలరా అక్కా?"
కాదు, కటింగ్ మాస్టర్ని.
ఎక్స్‌పోర్ట్ కంపెనీలో రోజుకి నాలుగువందల చొక్కాలకు
భుజాలు గీస్తాను.
ఒక్క భుజమూ నాకు తెలిసినవాళ్ళది కాదు.

నాకు కావలసింది చిన్నది, చెప్పాను:
ఒక గది, దాన్లోనే పొయ్యి,
గడియ పడే బాత్రూము,
కిటికీ పక్కన మిషనుకు చోటు.
బాడుగ ఏడు వేలు దాటకూడదు.
దురై నవ్వలేదు. మంచివాడు.
"స్టూడియో అంటారక్కా దాన్ని ఇప్పుడు," అన్నాడు,
"ఆ పేరుకే రెండు వేలు."

మొదటిది మూడో అంతస్తు మీద రేకుల షెడ్డు.
టేపు వేశాను: తొమ్మిదడుగులు, ఏడున్నర.
పడుకుంటే కాళ్ళు వంటింట్లో ఉంటాయి.
రెండోదానికి కిటికీ ఉంది.
తెరిస్తే రెండంగుళాల అవతల ఎదురింటి గోడ;
లంగా అంచుకి నేను అంతకన్నా ఎక్కువ వదుల్తాను.
మూడోచోట ఇంటావిడ గుమ్మం దిగలేదు.
ఒంటరిగానా? ఆయనేడీ?
మాంసం వండుతావా? రాత్రిళ్ళు మిషను చప్పుడా?
తమిళంలో అన్నిటికీ జవాబు చెప్పాను, రెండోదానికి తప్ప.
ఆయన సంగతి, ఇరవయ్యేళ్ళయినా,
ఏ భాషలోనూ కుదురుగా చెప్పలేను.

ముడిచ్చూరు వైపు తిప్పాడు బండి.
"ఒకటుంది. ఆరున్నర. ఎందుకంత తక్కువని అడక్కు."

ఇంటాయన పేరు వరదరాజులు.
మెట్ల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ
నేను ఫోన్లో మా చెల్లితో మాట్లాడటం విని తలెత్తాడు.
"మనోళ్ళా? ఏ ఊరు మీది?
మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడేది. రాసేదానికి రాదు."
ఎన్ని తరాల కిందట ఇక్కడికొచ్చిన తెలుగో,
అంచులు అరిగినా పదును పోలేదు,
మా అమ్మమ్మ కత్తెరలాగా.
నాయుడుపేట, అన్నాను. గొంతులో ఏదో కదిలింది.
అది పైకొచ్చేలోపే ఆయన:
"ఆరు నెలలు అడ్వాన్సు."
ఆ మాటకు మాత్రం ఏ యాసా లేదు.

గది బాగుంది. నిజంగా బాగుంది.
పన్నెండు, పదిన్నర. తూర్పు కిటికీ.
కొత్త రంగు వాసన.
కొత్త రంగంటే నాకు అనుమానం,
మచ్చ పడ్డ గుడ్డకే మేం ముదురు అద్దకం వేయిస్తాం.
గోడకు చెంప ఆనించి ఓరగా చూశాను.
ఒక గీత.
నాలుగు గోడలూ చుట్టి
మళ్ళీ తలుపు దగ్గరికే వచ్చిన గీత,
ఇంటికెవరో నడుం కొలత తీసినట్టు.

పెద్దాయన చింతపండులోకే చూస్తున్నాడు.
ఆయన మనవరాలు యాళిని, ఏడేళ్ళుంటాయేమో,
"అంతదాకా నీళ్ళొచ్చినాయి," అంది,
"నేనప్పుడు పుట్టలే. మా ఫ్రిజ్జు ఈదిందంట."
మళ్ళీ వస్తాయా?
తాత తల ఊపాడు.
అవునని కత్తిరించాలో కాదని కత్తిరించాలో
తెలియని ఊపు.

టేపు కిందికి జార్చాను.
నేల నుంచి గీత దాకా ముప్ఫై ఎనిమిది.
సరిగ్గా నా నడుము.
వరదరాజులు ఇంట్లో వరద, నవ్వొచ్చింది,
ఆపుకుని బేరం మొదలుపెట్టాను.

అడ్వాన్సు నాలుగు నెలలకు తెగింది.
ఒక నెల ఊరిభాష తగ్గించింది,
ఒక నెల ఆ గీత.
కమీషను లెక్కపెట్టుకుంటూ దురై,
"భయం లేదా అక్కా?"
ఉంది. ముప్ఫై ఎనిమిదంగుళాలు.

మంగళవారం చేరాను.
పాలు పొంగించే ఓపిక లేదు,
యాళిని తెచ్చిన కాఫీ తాగి
సుత్తి అడిగి తెచ్చుకుని
మొదటి మేకు కొట్టాను,
నలభై రెండో అంగుళం దగ్గర.
దానికి కాగితాల సంచి, సంచి మీద టేపు.
మధ్యలో నాలుగంగుళాలు
కుట్టుకి వదిలాను.